పాత జీపుకు సీటు హీటర్లు: వైరింగులో ఎక్కడ జాగ్రత్తపడాలి

ఊటీ, కూనూరు వైపు జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. కోరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి దిక్కున డిసెంబరు రాత్రులు అంతకు మరీ తీసిపోవు. ఏలకుల తోటల పనిమీద బోడినాయకనూరు నుంచి బోడిమెట్టు, కంబం నుంచి కంబంమెట్టు ఎక్కేవాళ్ళకు కింద చెమట, పైన వణుకు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో తరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్ళ ముందు ఇంకా పాత మహీంద్రా జీపో, మారుతి జిప్సీయో కనిపిస్తూనే ఉంటుంది. బట్ట టాపు, తలుపు సందుల్లోంచి కోసే గాలి, చాలావాటిలో హీటరన్న మాటే లేదు. తాతయ్యనో అమ్మమ్మనో తెల్లవారకముందే ఆసుపత్రికి దింపాల్సి వచ్చినప్పుడు వెచ్చని సీటు విలాసమేమీ కాదు. (యానాంలో ఉన్న మనవాళ్ళు దీన్ని సరదాకి చదువుకోవచ్చు. అక్కడ సీటు చల్లబరిచే యంత్రం కావాలిగానీ వేడిచేసేది కాదు.)

బజార్లో దొరికే సీటు హీటరు కిట్టులో ఒక్కో సీటుకు రెండు ప్యాడ్లు ఉంటాయి. ఒకటి కూర్చునే చోటికి, ఒకటి వీపుకి. వాటితోపాటు స్విచ్చి, వైర్ల కట్ట, రిలే, ఫ్యూజు ఇస్తారు. చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియనుకు ఇది ఒక పూట పని. అయినా ఇంటివాళ్ళకు కూడా దీని సంగతి తెలియాలని మేము ఇంత వివరంగా రాస్తున్నాం. ప్యాడు దానంతట అది నిప్పు పెట్టడం అరుదు. ముప్పై, నలభై ఏళ్ళ నాటి వైర్ల మీద, తుప్పు పట్టిన కీళ్ళ మీద కొత్త బరువు వేసినప్పుడే అసలు ప్రమాదం. ఎలక్ట్రీషియను ఏ మాతృభాషవాడైనా ఫ్యూజు, రిలే, ఎర్తు అనే మాటలు మారవు. తమిళంలో అడిగినా, కన్నడంలో అడిగినా, ఒరియాలో అడిగినా అవే మాటలు. కాబట్టి ఏం అడగాలో తెలిస్తే చాలు.

ముందు మీటరు పెట్టి చూడండి

కిట్టు కొనకముందే బ్యాటరీ దగ్గర మీటరు పెట్టండి. ఇప్పుడు దొరికే ప్యాడ్లు దాదాపు అన్నీ 12 వోల్టులవి. జిప్సీ, మహీంద్రా డీజిల్ జీపులు 12 వోల్టులే గనుక వాటితో పేచీ లేదు. మరీ పాత విల్లీస్ తరహా జీపుల్లో 6 వోల్టులవి ఉండేవి. వాటిలో చాలావాటిని తర్వాత 12కి మార్చారు, కొన్నిటిని మార్చలేదు. 12 వోల్టుల ప్యాడుకు 6 వోల్టులిస్తే వేడి సగం కాదు, పావువంతే వస్తుంది. వోల్టేజి సగమైతే కరెంటు కూడా సగమవుతుంది కదా. అందులో ప్రమాదం లేదు, డబ్బు దండగ అంతే.

ఆర్మీ వేలంలో కొన్న వాహనాల సంగతి దీనికి తలకిందులు. వాటిలో 24 వోల్టులవి ఉంటాయి. 12 వోల్టుల దగ్గర 48 వాట్లు తీసుకునే ప్యాడ్లకు 24 వోల్టులిస్తే దాదాపు 190 వాట్లు అవుతుంది. అది సీటు హీటరు కాదు, కుంపటి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా ఉన్నాయి కదా, ఒకదాని మీదనుంచి 12 తీసుకుంటే సరిపోతుందని చెప్పే మెకానిక్కులు ఉంటారు. అలా చేస్తే ఒక బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీగా, రెండోది ఎప్పుడూ అతిగా ఛార్జి అయి రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కి మార్చే కన్వర్టరు పెట్టించండి, లేదా 24 వోల్టుల ప్యాడ్లే వెతకండి.

ఎస్టేట్లలో మిగిలిపోయిన పాత లాండ్‌రోవర్ ఎవరికైనా ఉంటే ఇంకొక మాట. 1967కి ముందు తయారైన వాటిలో పాజిటివ్ కొనను బాడీకి ఎర్తు చేసేవారు. ప్యాడ్లకు ఏ దిక్కున కరెంటు వచ్చినా ఒకటే. కానీ దీపం ఉన్న స్విచ్చీలకు, లోపల డయోడు ఉన్న రిలేలకు, కంట్రోలరుకు అలా కాదు. అవి తలకిందులుగా కడితే పనిచేయవు, ఒక్కోసారి కాలిపోతాయి. బాడీకి వెళ్ళే లావు వైరు బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరిందో మైనస్ నుంచో కళ్ళతో చూసి మరీ మొదలుపెట్టండి.

బండికి ఆ శక్తి ఉందా

సీటుకు 40 నుంచి 60 వాట్లు అనుకోవచ్చు. 12 వోల్టుల లెక్కన 48 వాట్ల సీటు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. బండి నడుస్తున్నప్పుడు వోల్టేజి 14 దాకా పోతుంది గనుక అదే సీటు దాదాపు 4.7 ఆంపియర్లు, 65 వాట్లు లాగుతుంది. పెట్టె మీద రాసిన అంకె చూసి లెక్క వేసుకునేవాళ్ళు ఈ తేడా మరచిపోతారు. రెండు సీట్లకూ కలిపి 9, 10 ఆంపియర్లు అని పెట్టుకోండి.

ఇప్పుడు చలికాలం రాత్రి ఘాటు ఎక్కుతున్న జీపును ఊహించుకోండి. హెడ్‌లైట్లు రెండూ 60 వాట్లవైతే 10 ఆంపియర్లు. వెనుక దీపాలు, డాష్‌బోర్డు దీపాలు ఒక 2, 3. మంచుకు వైపరు వేస్తే ఇంకో 4. సీట్లు 10. మొత్తం 26, 27 దాటింది. ఆల్టర్నేటరు మీద రాసి ఉన్న ఆంపియర్లు ఇంజను వేగంగా తిరిగినప్పటివి. ఐడిలింగులో అందులో సగమే రావచ్చు. ఘాటులో లారీల వెనుక అరగంట నిలబడితే, లోటును బ్యాటరీ భరిస్తుంది. ఆల్టర్నేటరు కాకుండా డైనమో ఉన్న బండి అయితే ఐడిలింగులో దాదాపు ఏమీ రాదు. డైనమో ఉన్న జీపుకు సీటు హీటరు పెట్టవద్దనే మేము అంటాం. ముందు ఆల్టర్నేటరుకు మార్చుకోండి, తర్వాత చూద్దాం.

పరీక్ష సులువే. ఇంజను ఐడిలింగులో ఉంచి హెడ్‌లైట్లు, వైపరు వేసి బ్యాటరీ దగ్గర మీటరు చూడండి. 13.5 పైన ఉంటే బండికి ఊపిరి ఉంది. అప్పటికే 13 కిందకు దిగిపోతే, కొత్త బరువు దించే ముందు బెల్టు, ఆల్టర్నేటరు బుష్‌లు, బ్యాటరీ చూపించుకోవాలి.

సొంత దారి వేయాలి

పాత బండిలో అందరికీ కలిగే మొదటి ఆలోచన, దగ్గర్లో కరెంటున్న ఏదో ఒక వైరులోంచి తీసుకుందామని. వైపరు వైరు, హారను వైరు, తాళం వెనుక వైరు, ఏది చేతికందితే అది. మేము గట్టిగా వద్దనేది ఇదొక్కటే. ఆ వైర్లు నాటి బరువులకు సరిపడా వేసినవి. పైన ప్లాస్టిక్కు ఎండిపోయి, వంచితే పగిలే స్థితిలో ఉంటుంది. తాళం లోపలి కాంటాక్టులు అరిగి ఉంటాయి. నడిచినన్నాళ్ళు నడుస్తుంది. ఒక చలి రాత్రి డాష్‌బోర్డు వెనుకనుంచి ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చి, అదే వైర్ల కట్టలో ఉన్న హెడ్‌లైట్లు కూడా ఘాటు మలుపులో ఆరిపోతాయి.

సీటు హీటరుకు బ్యాటరీ నుంచి నేరుగా సొంత వైరు వేయాలి. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక జానెడు లోపే ఫ్యూజు పెట్టాలి. ఈ జానెడు లెక్క ఎందుకంటే, ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్యనున్న ముక్కకు ఏ కాపలా ఉండదు. అది ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ మొత్తం దాని గుండా పోతుంది. అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. డాష్‌బోర్డు దగ్గర చక్కగా ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా మీటరున్నర వైరును దిక్కులేకుండా వదిలేసే పని చాలాచోట్ల కనిపిస్తుంది.

ఫ్యూజు ప్యాడును కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. కాబట్టి ముందు వైరు సైజు, తర్వాత దానికి తగిన ఫ్యూజు. రెండు సీట్లకు మెయిను వైరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి 15 ఆంపియర్ల ఫ్యూజు పెడితే సరిపోతుంది. 3 మీటర్ల పొడవుకు 10 ఆంపియర్ల దగ్గర దానిలో పోయేది 0.2 వోల్టులే. అక్కడినుంచి ఒక్కో సీటుకు 1.5 వైరు, 7.5 ఆంపియర్ల ఫ్యూజు విడివిడిగా ఇవ్వండి. ఒక సీటులో తేడా వస్తే రెండోది నడుస్తుంది, తేడా ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది కూడా. కొన్ని కిట్లలో వచ్చే మెయిను వైరు మరీ సన్నగా ఉంటుంది. దానికి 20 ఆంపియర్ల ఫ్యూజు తగిలించి ఇస్తే, ముందు కాలేది వైరే. అలాంటిది వస్తే వైరు పారేసి స్విచ్చి, ప్యాడ్లు మాత్రం ఉంచుకోండి. ఇంట్లో మిగిలిన హౌస్ వైరింగు ముక్కలు తెచ్చి వేయవద్దు. బండ్లకు వాడే వైరులో పోగులు సన్నగా, ఎక్కువగా ఉంటాయి, అదురుకు విరగవు. పైతొడుగు కూడా నూనెకు, ఇంజను వేడికి ఓర్చుకుంటుంది.

తాళం తీసినప్పుడు హీటరు దానంతట అదే ఆగాలి. ఆ పని రిలేది. రిలే మీద అంకెలుంటాయి. 30 అన్న కాలుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చే లావు వైరు. 87 నుంచి సీట్లకు. 85 ఎర్తుకు. 86కి తాళం వేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే సన్నని వైరు. ఐదు కాళ్ళ రిలే ఇస్తే మధ్యలో 87ఏ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయండి. పొరపాటున సీట్లను దానికి కలిపితే తాళం తీసినప్పుడే హీటరు వెలుగుతుంది! రిలే లోపలి చుట్టకు కావాల్సింది ఆంపియరులో ఆరోవంతు లాంటిదే గనుక, పాత తాళం మీద బరువేమీ పడదు. పాత వైర్లలో మనం చేయి పెట్టేది ఈ ఒక్కచోటే. అక్కడ కూడా ఒక 3 ఆంపియర్ల చిన్న ఫ్యూజు వేసుకోండి. డీజిల్ బండిలో ఈ సన్నని వైరును గ్లో ప్లగ్గు వైరు నుంచి మాత్రం తీయకూడదు.

కొన్ని పాత డీజిల్ జీపుల్లో ఇంజను ఆగేది తాళంతో కాదు, స్టాపరు లాగితే. స్టాపరు లాగి ఇంజను ఆపేసి, తాళం అలాగే వదిలి దిగిపోయే అలవాటు చాలామంది డ్రైవర్లకు ఉంటుంది. అప్పుడు రిలే పాపం తన పని తాను చేస్తూనే ఉంటుంది. గంటకు 9, 10 ఆంపియర్ల చొప్పున లాగితే 50 ఆంపియరు అవర్ల బ్యాటరీ మూడు గంటల్లో సగానికి పైగా ఖాళీ. చలి పొద్దున డీజిల్ ఇంజను దానితో లేవదు. అలాంటి బండికి స్టీరింగు పక్కన, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ఎర్రదీపం ఒకటి హీటరు లైనుకు కలిపించండి.

ఫ్యూజు పట్టుకోలేని దొంగ

వైరు బాడీకి తగిలితే కరెంటు ఒక్కసారి పెరుగుతుంది, ఫ్యూజు పోతుంది. అది మనకు తెలిసిన ప్రమాదం. వదులు కీలు అలా కాదు. సరిగ్గా నొక్కని లుగ్గు, పెయింటు మీద బిగించిన ఎర్తు, తుప్పు పట్టిన ఫ్యూజు కాలు, వీటి దగ్గర కరెంటు పెరగదు, ఇంకా కాస్త తగ్గుతుంది. అందువల్ల ఫ్యూజుకు ఏమీ తెలియదు. ఆ కీలులో ఓమ్‌లో పదోవంతు అడ్డు ఉందనుకోండి. 10 ఆంపియర్లు పోతుంటే అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. సీటంతా పరుచుకుంటే 10 వాట్లు తెలియనే తెలియవు. శనగగింజంత చోట పుడితే ప్లాస్టిక్కు కరిగిపోతుంది.

కాబట్టి కీళ్ళ మీద ఖర్చుకు వెనుకాడవద్దు. లుగ్గులను మామూలు ప్లయరుతో నొక్కించవద్దు, క్రింపింగు టూలు ఉన్న ఎలక్ట్రీషియను దగ్గరికే వెళ్ళండి. నొక్కాక వైరు పట్టి గట్టిగా లాగి చూడండి. ఊడివచ్చేదేదో ఇప్పుడే ఊడిరానీ. పైన వేడికి ముడుచుకునే స్లీవు వేయాలి. వట్టి టేపు రెండు ఎండాకాలాలకే జిగురు కారి విప్పుకుంటుంది. టంకం వేస్తే గట్టి కదా అంటారు. నిజమే, కానీ టంకం పాకిన చోట వైరు కడ్డీలా బిగుసుకుపోయి, గతుకుల దారి అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. జీపుకు మంచి క్రింపే మేలు. పాత వైరు కోయకుండా పక్కన నొక్కి పెట్టే రంగు ప్లాస్టిక్కు క్లిప్పులు మాత్రం వద్దే వద్దు. వానకు, బురదకు వాటి లోపల పచ్చ తుప్పు పడుతుంది.

ఎర్తు విషయంలో పాత బండి తరచూ మోసం చేస్తుంది. సీటు బోల్టుకే ఎర్తు కట్టేస్తారు. దాని కింద తుప్పు, రంగు, మట్టి. బాడీ మీద దృఢమైన చోట పెయింటు గీకి, మెరిసే లోహం మీద పళ్ళ వాషరు వేసి బిగించి, పైన కాస్త వాసెలిన్ రాయాలి. ఆ బాడీ నుంచి బ్యాటరీ మైనస్ దాకా ఉన్న లావు పట్టీ కూడా చూడాలి. అది సగం తెగి ఉంటే మీ కొత్త ఎర్తు ఎంత బాగున్నా లాభం లేదు. పని అయ్యాక హీటరు వేసి, మీటరు ఒక కొన ప్యాడు ఎర్తు దగ్గర, ఇంకొకటి బ్యాటరీ మైనస్ దగ్గర పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎక్కడో కీలు బాగాలేదు. అలాగే బ్యాటరీ ప్లస్ నుంచి ప్యాడుకు వచ్చే ప్లస్ దాకా చూస్తే అర వోల్టు లోపే ఉండాలి. డబ్బులిచ్చే ముందు ఈ రెండు అంకెలూ మీ కళ్ళముందే చూపించమనండి.

డ్రైవరు సీటు కింద ఏముందో చూశారా

విల్లీస్ తరహా పాత జీపుల్లో ఇంధనం ట్యాంకు ఉండేది డ్రైవరు సీటు కిందే. నూనె పోయాలంటే సీటు ఎత్తి పోయాలి, లేదా సీటు పక్కనే మూత ఉంటుంది. ఈ ఒక్క సంగతితో మొత్తం పని తీరే మారిపోతుంది. సీటు కింద ఖాళీ కనిపించింది కదా అని రిలే, ఫ్యూజు పెట్టె, వైర్ల జాయింట్లు అక్కడ పెట్టించుకోవడం ఇతర బండ్లలో మామూలు. ఈ జీపులో ఆ పని చేయకూడదు. రిలే కలిసినప్పుడు, విడిపోయినప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. స్విచ్చిలోనూ అంతే. ట్యాంకు మూత రబ్బరు పాతబడి పెట్రోలు ఆవిరి వస్తుంటే ఆ రవ్వ చాలు. డీజిల్ అంత త్వరగా అంటుకోదు కానీ, ఒలికిన డీజిల్ నానిన సీటు కొబ్బరిపీచు అంటుకుంటే ఆర్పడం కష్టం.

రిలే, ఫ్యూజులు బానెట్టు కింద, బ్యాటరీ ఉన్న వైపు గోడమీద ఎత్తుగా, కాళ్ళు కిందికి ఉండేలా బిగించాలి. అప్పుడు నీళ్ళు లోపల నిలవవు. వాగులు దాటే బండికి ఇది ఇంకా ముఖ్యం. స్విచ్చీలు డాష్‌బోర్డు మీద పెట్టుకోవాలి. డ్రైవరు సీటుకు వెళ్ళే వైరు మధ్యలో గేరు బాక్సు మీదుగా వచ్చి, సీటు లోపలి అంచునుంచి పైకి ఎక్కాలి. ట్యాంకు ఉన్న వైపు నుంచి రాకూడదు, ట్యాంకు మీదుగా అసలే పోకూడదు. మధ్యలో జాయింటు లేని ఒకే ముక్క వైరు వేయాలి. ట్యాంకు పక్కన డ్రిల్లు పెట్టవద్దు. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ విప్పాలి, ట్యాంకు మూత, గొట్టాలు చెమర్చడం లేదని చూసుకోవాలి. ట్యాంకు చెమర్చే బండికి డ్రైవరు వైపు హీటరు మానేసి, పక్క సీటుకు మాత్రమే పెట్టుకోవడం తెలివైన పని. పెద్దవాళ్ళు కూర్చునేది ఎలాగూ అక్కడే.

జిప్సీలో ట్యాంకు సీటు కింద ఉండదు గనుక ఆ బెంగ లేదు. అయినా నేల మీద నీళ్ళు నిలిచే బండే కాబట్టి కనెక్టర్లు నేలను తాకకుండా కట్టించండి.

బానెట్టు నుంచి లోపలికి వైరు వచ్చే కన్నానికి రబ్బరు గ్రోమెట్టు తప్పనిసరి. రేకు అంచు కత్తిలాంటిది. సైలెన్సరు గొట్టానికి, క్లచ్చి, బ్రేకు కడ్డీలకు దూరంగా, ముడతల ప్లాస్టిక్కు గొట్టంలో వైరును నడిపించాలి. పక్క సీటు ముందుకు మడిచే బండ్లలో ఆ మడతకు సరిపడా వైరు వదులుగా ఉంచాలి. లేకపోతే వెనుక కూర్చునేవాళ్ళు ఎక్కిదిగినప్పుడల్లా కనెక్టరు లాగుడు పడుతుంది.

సీటు లోపల

ప్యాడు నురుగు మీద, కవరు కింద పరచాలి. నురుగు కింద పెడితే వేడి పైకి రాక లోపలే పేరుకుంటుంది. పాత సీట్లలో నురుగుకు బదులు రబ్బరు కలిపిన కొబ్బరిపీచు, కింద స్ప్రింగులు ఉంటాయి. స్ప్రింగు తీగ ఒకటి పీచులోంచి పొడుచుకువస్తే ప్యాడును చీలుస్తుంది. అలాంటి సీటుకు ముందు పీచు మార్పించి, ప్యాడు కింద ఒక సెంటీమీటరు కొత్త నురుగు వేయించండి. కుషన్ షాపువాళ్ళకు ఇది చిన్న పని.

కార్బన్ ఫైబరు ప్యాడ్లను కొన్నిటిని కిట్టులో చూపించిన గీత దగ్గర కత్తిరించుకోవచ్చు. లోహపు తీగ ప్యాడ్లను కత్తిరించకూడదు. ఏదైనా సరే ముడత పడకూడదు, మడత పెట్టి ఇరికించకూడదు. ముడత దగ్గర వేడి ఒకేచోట కుప్పబడుతుంది. బిగించే ముందు ప్యాడు రెండు కొనల మధ్య మీటరుతో ఓమ్‌లు కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. 48 వాట్ల సీటుకు రెండు ప్యాడ్లూ కలిపి 3 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. కవరు వేశాక మళ్ళీ కొలవండి. అంకె మారితే కవరు బిగించడంలో ఏదో తెగింది, లేదా ఏదో తాకుతోంది. ఏటా చలికాలం ముందు ఇదే కొలత తీస్తే ప్యాడు ఆరోగ్యం తెలుస్తుంది.

ఇంత పని ఎందుకు, లైటరు సాకెట్టులో గుచ్చుకునే పైపరుపు కొనుక్కుంటాం అంటారా? ఒక్క సీటుకైతే అది తప్పు కాదు. పాత సాకెట్టు లోపలి స్ప్రింగు వదులైతే ప్లగ్గే కాలుతుంది. పావుగంట తర్వాత ప్లగ్గు పీకి ముట్టుకోండి. చేయి పెట్టలేనంత వేడి ఉంటే ఆ సాకెట్టు మార్చేదాకా వాడవద్దు.

ఎవరు కూర్చుంటారు

వైరింగు అంతా సరిగ్గా ఉన్నా మిగిలే ప్రమాదం ఇది. పెద్దవాళ్ళ కోసమే ఈ సీటు పెట్టించుకునే ఇళ్ళకు మరీ ముఖ్యం. చర్మం కాలడానికి మంటే అక్కర్లేదు. 44 డిగ్రీల వేడి ఆరు గంటలు తాకి ఉంటే చర్మం కాలుతుంది. అక్కడినుంచి 51 దాకా ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ సమయం దాదాపు సగానికి సగం తగ్గుతూ పోతుంది. ఆరోగ్యవంతుడు సీటు వేడెక్కగానే కదులుతాడు, స్విచ్చి ఆపుతాడు. ఏళ్ళ తరబడి షుగరు ఉండి కాళ్ళు, తొడలు తిమ్మిరెక్కినవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు, నిద్రమాత్ర వేసుకుని పడుకున్నవాళ్ళకు ఆ వేడి తెలియదు. ఇల్లు చేరాక బొబ్బ కనిపిస్తుంది. షుగరు ఉన్నవాళ్ళకు అది మానడానికి నెలలు పడుతుంది.

అలాంటి పెద్దలను కూర్చోబెట్టే ముందు సీటు వెచ్చబరిచి, వాళ్ళు కూర్చున్నాక హీటరు ఆపేయడం మంచి పద్ధతి. ఆన్‌లో ఉంచాల్సి వస్తే తక్కువ స్థాయిలో, డ్రైవరు చేతికి అందే స్విచ్చితో, పదిహేను నిమిషాలకోసారి చేయి పెట్టి చూస్తూ వాడండి. పసిపిల్లల సీటు దాని మీద కట్టినప్పుడు హీటరు వేయకూడదు. సీటు మీద కంబళి మడిచి వదిలేసి హీటరు వేసినా వేడి బయటికి పోక లోపలే పెరుగుతుంది.

థర్మోస్టాటు మాట నమ్మే ముందు పరీక్షించండి. ఇంజను నడుస్తుండగా పై స్థాయిలో ఇరవై నిమిషాలు ఉంచి సీటు మీద థర్మామీటరు పెట్టండి. 42, 43 దగ్గర ఆగకుండా పైకి పోతూనే ఉంటే ఆ ప్యాడు వెనక్కి ఇచ్చేయండి. అదే ఇరవై నిమిషాల్లో ఫ్యూజు పెట్టెను, రిలేను, ఎర్తు బోల్టును, ప్రతి కీలునూ వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు నిలవకపోతే ఆ కీలు మళ్ళీ చేయాలి.

బండికి ఒక కిలో డ్రై పౌడరు మంటలార్పే సిలిండరు, బ్యాటరీకి చేత్తో తిప్పి ఆపే కటాఫ్ స్విచ్చి పెట్టించడానికి ఇదే సమయం. పదిహేనేళ్ళు దాటిన సొంత బండి ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను కొనసాగించుకోవాలి కదా. వేలాడే వైర్లు, టేపు జాయింట్లు అక్కడ కూడా అడ్డం పడతాయి. కిట్టు బిల్లు, ఎలక్ట్రీషియను రసీదు దాచుకుని, బీమా కంపెనీకి ఒక ఉత్తరం రాసి మార్పు తెలియజేయండి. తర్వాత నిప్పు కేసు వస్తే మొదట అడిగేది బండిలో బయటి వైరింగు ఏమైనా చేయించారా అనే.

మార్చి రాగానే బ్యాటరీ దగ్గరి 15 ఆంపియర్ల ఫ్యూజు పీకి డాష్‌బోర్డు అరలో పెట్టండి. ఎనిమిది నెలలు ఆ లైనులో కరెంటే ఉండదు, ఎవరి మోకాలో తగిలి స్విచ్చి పడినా ఏమీ కాదు. నవంబరులో మళ్ళీ పెట్టేముందు బానెట్టు ఎత్తి, సీటు కవరు ఒక మూల విప్పి చూడండి. తోట షెడ్డులో ఉండే బండి అయితే ఈలోపు ఎలుకలు ముడతల గొట్టాన్ని కొరికి ఉంటాయి, ఒక్కోసారి సీటు నురుగులోనే కాపురం పెట్టి ఉంటాయి. రాగి బయటపడిన వైరు కనిపిస్తే ఆ ముక్కకు టేపు చుట్టకుండా, మొత్తం మార్పించాకే ఫ్యూజు పెట్టండి.